గుండీకి చెప్పిన మాట

ఆస్పత్రి బట్టలు ఉతికే షెడ్డులో ఆవిడని అందరూ మడతలక్క అంటారు. పనిలో చేరిన వారానికే ఆ పేరు వచ్చి మీద పడింది. దుప్పటి నాలుగు కొసలూ ఆవిడ చేతిలో కలిశాయంటే వెంట్రుకవాసి తేడా కనబడదు. ముప్పై ఏళ్లు ఇంట్లో మడతలు పెట్టిన చేతులవి. మొగుడి చొక్కాలూ, కూతురి బడిబట్టలూ, తర్వాత అదే కూతురు ఉద్యోగానికి వేసుకెళ్లిన బట్టలూ మడతపెట్టి మడతపెట్టి, యాభయ్యో ఏట ముక్కూ మొహం తెలియని వాళ్ల దుప్పట్ల మీద పడింది.

పని చేస్తే గానీ గడవని ఇల్లేం కాదు. ఆవిడ మొగుడు అచ్చాఫీసులో పుస్తకాలు కుట్టి అట్టలు వేస్తాడు. ఇద్దరికీ అది చాలు. ఆవిడ పనిలోకి వచ్చింది ఇంట్లో కాలు నిలవక. పగలంతా ఒక్కతే కూర్చుంటే గోడలు మీదికొచ్చేవి. వంటింట్లోంచి ముందుగదిలోకి, ముందుగదిలోంచి వంటింట్లోకి తిరగడం, మధ్యలో ఆ రెండో గది తలుపు దగ్గర తల దించుకోవడం. అది అమ్మాయి గది. ఇరవై నాలుగేళ్ల పిల్ల. కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించేది. జ్వరమని పడుకుంది, అయిదో రోజుకి లేదు. పోయిందన్న మాట ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. "అప్పుడు" అంటారు, "ఆ తర్వాత" అంటారు. అంతకంటే ముందుకి నోరు సాగదు.

ఆ పిల్ల తెచ్చిందే గుండీ. షాపు వెనక సందులో ఖాళీ పెట్టెల మధ్య దొరికిందట, అరచేతిలో పట్టేంత కుక్కపిల్ల. కళ్లు నల్లటి చొక్కాగుండీల్లా ఉన్నాయని ఆ పేరు పెట్టింది. మూడేళ్లు తిండి తిన్నా అది పెద్దగా ఎదిగింది లేదు. పొట్టి కాళ్లు, నేలకి జానెడెత్తున పొట్ట. "ఇది కుక్కా, కాళ్లొచ్చిన చెప్పా?" అని మొగుడు మొదట్లో వెక్కిరించాడు. నెల తిరక్కుండా అచ్చాఫీసు నుంచి మందపాటి అట్టలు తెచ్చి, దానికి పడుకోవడానికి పెట్టె కుట్టిందీ ఆయనే. అది ఆ పెట్టెలో ఒక్క పూట పడుకుంటే ఒట్టు. అమ్మాయి మంచం కింద తప్ప దానికి ఇంకెక్కడా నిద్ర పట్టేది కాదు.

అమ్మాయి లేకుండా పోయాక అది ఏడవలేదు. పెట్టింది తింది. తలుపు దగ్గర కూర్చుంది. ఆవిడ ఎటు తిరిగితే అటు కళ్లు తిప్పింది. ఆ చూపులో ఏముందో దానికే తెలియాలి గానీ, ఆవిడకి మాత్రం పొద్దస్తమానం ఎవరో పక్కన నిలబడి అడుగుతున్నట్టే ఉండేది. పనిలో చేరడానికి అదీ ఒక కారణం. ఆ సంగతి మొగుడికి చెప్పలేదు. తనకి తాను కూడా తిన్నగా చెప్పుకోలేదు.

పనిలో చేరబోయే ముందు ఆవిడ పెద్దాడపడుచు, అంటే మొగుడి అక్కగారు, వచ్చి ఒక ఉపాయం చెప్పింది. ఆవిడ నలుగురు పిల్లల్ని పెంచిన మనిషి. చంటిపిల్లల్ని వదిలి వెళ్లేటప్పుడు చెప్పి వెళ్లకూడదనీ, చెప్తే గుక్కపెడతారనీ, కంటబడకుండా జారుకుంటే కాసేపు వెతుక్కుని వాళ్లే ఆడుకుంటారనీ, కుక్కయినా అంతేననీ చెప్పింది. మడతలక్క ఆ మాట పట్టుకుంది.

పొద్దున ఎనిమిదింటికి మొగుడు వెళ్లేవాడు. ఇరవై నిమిషాల తర్వాత ఆవిడ వంటింటి మూలకి ఒక బిస్కెట్టు ముక్క విసిరేది. గుండీ అటు పరిగెత్తగానే చెప్పులు చేత్తో పట్టుకుని బయటికొచ్చేది. తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి లాగేది. తాళం క్లిక్కుమనకుండా రెండో చెయ్యి దాని మీద మూసి తాళంచెవి తిప్పేది. తన ఇంట్లోంచి తనే దొంగలా బయటపడి, వీధిగేటు దాటాక చెప్పులు వేసుకునేది. ఎనిమిది నెలలు అలాగే నడిచింది.

ఇల్లుగలావిడ కింద వాటాలో ఉంటుంది. నర్సుగా చేసి దిగిపోయిన మనిషి, ఒంటరిది. వీధిలో అందరికీ నర్సమ్మగారే. ముప్పై ఆరేళ్లు రాత్రి డ్యూటీలు చేసి చేసి పగటినిద్ర అలవాటు పోలేదు ఆవిడకి. ఇన్నాళ్లూ ఓర్చుకుని, ఒక సాయంత్రం గేటు దగ్గర నిలబడి ఉంది, మడతలక్క కోసమే అన్నట్టు.

"ఏమ్మా, మీ కుక్క ఏడుస్తోంది."

"మొరుగుతోందా అండీ?"

"మొరిగితే నేనెందుకు చెప్తాను? ఏడుస్తోంది. ఇన్నేళ్లు వార్డుల్లో తిరిగాను, ఏది అరుపో ఏది ఏడుపో నాకు తెలీదా."

మడతలక్క నమ్మలేదు. తను తాళం తీసేసరికి గుండీ తోక ఊపుకుంటూ ఎదురొచ్చేది. ఏడ్చిన జాడ కుక్క మొహంలో ఎక్కడ వెతుకుతారు? ముసలావిడకి నిద్ర పట్టక వంకలు పెడుతోందనుకుంది. అయినా మాట పడ్డాక ఊరుకోలేక తోచినవన్నీ చేసింది. కిటికీలు మూసింది. అమ్మాయి పాత దుప్పటి మంచం కింద పరిచింది. మనుషుల గొంతు వినిపిస్తే దానికి తోడుగా ఉంటుందని రేడియో పెట్టి వదిలింది. మర్నాడు నర్సమ్మగారు మళ్లీ గేటు దగ్గరే ఉంది.

"రేడియో పెట్టావా అమ్మా? బాగుంది. ఇప్పుడు వాడు పాడుతుంటే ఇది వెనకపాట అందుకుంటోంది."

చివరికి ఒకరోజు షెడ్డులో పెద్దని అడిగి మధ్యాహ్నమే ఇంటికొచ్చింది. వీధిగేటు దగ్గరే చెప్పులు విప్పింది. మెట్లు సగం దాకా ఎక్కి కూర్చుంది.

మొదట గోళ్ల చప్పుడు వినబడింది. టకటకమని ముందుగదిలో, ఆ తర్వాత వంటింట్లో, ఆ తర్వాత లోపలి గదిలో. మళ్లీ తలుపు దగ్గరికి. తలుపు కింది సందులో ముక్కు పెట్టి గాలి పీల్చడం. మళ్లీ మొదటి నుంచీ అదే తిరుగుడు. నాలుగోసారో అయిదోసారో తలుపు దగ్గర ఆగి మొదలుపెట్టింది. అది అరుపు కాదు. సన్నగా, తెగకుండా, ఎక్కడో చిల్లు పడి గాలి పోతున్నట్టు. ఊపిరి అయిపోయాక ఆగేది, ఊపిరి రాగానే అందుకునేది. ఆవిడ తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది. లేచి పది మెట్లు ఎక్కి తలుపు తీస్తే ఆగిపోతుంది. ఆ సంగతి తెలిసి కూడా కాళ్లు లేవలేదు.

కిందనుంచి నర్సమ్మగారు మోకాళ్లు పట్టుకుంటూ ఎక్కి, రెండు మెట్ల కింద కూలబడింది. కాసేపు ఇద్దరూ విన్నారు.

"కోప్పడకు, ఒక మాట చెప్తాను" అంది నర్సమ్మగారు. "మీ మొగుడూ పెళ్లాలు ఏడవాల్సిందంతా దానిచేత ఏడిపిస్తున్నారు. మీరు పొద్దున్నే చక్కగా పనుల్లోకి పోతారు. అది కూర్చుని మీ వంతు కూడా ఏడుస్తుంది."

మడతలక్క చెంగు కొస మడతపెట్టింది, విప్పింది.

"నెలాఖరు దాకా చూస్తాను. నాకూ వయసొచ్చింది, ఈ ఏడుపు నేను పడలేను. తర్వాత దాన్నైనా ఎక్కడికైనా పంపించు, మీరైనా వేరే ఇల్లు చూసుకోండి." అలా అన్నాక లేవడానికి మడతలక్క భుజమే ఆసరా పట్టుకుని లేచింది.

ఆ రాత్రి మొగుడికి చెప్తే ఆయన గోడకేసి తిరిగి, కుక్క ఎప్పుడూ ఇల్లు చూసుకుని ఉండేదేననీ, దానికేం రోగమొచ్చిందో ఎవరికి తెలుసుననీ అన్నాడు. ఇల్లు మారడం కుదరదనీ అన్నాడు. ఎందుకు కుదరదో అనలేదు. ఆ రెండో గది ఇంకో ఇంటికి పట్టుకుపోలేరు గదా.

షెడ్డులో దుప్పటి మడత ఒక్కరి వల్ల కాదు. అటు ఒకరు, ఇటు ఒకరు రెండేసి కొసలు పట్టుకుని లాగి, ఒకసారి విదిలించి, దగ్గరికి నడిచి కొసలు అప్పజెప్పి, మళ్లీ వెనక్కి నడవాలి. అవతలి కొస పట్టే మనిషిని జోడీ అంటారు. మడతలక్కకి జోడీ ఒక బక్కపలచటి మనిషి, నోరు మాత్రం షెడ్డుకంతా సరిపోయేంత. "రోజుకి మూడొందల సార్లు దగ్గరికి రావడం, దూరం పోవడం. కాపురం మొత్తమ్మీద మా ఆయనా నేనూ ఇన్నిసార్లు రాలేదు" అని అందరినీ నవ్వించేది. మడతలక్క ఇంటి సంగతి అంతా ఆమెకి తెలుసు. అడిగి తెలుసుకుంది కాదు. ఏ దుప్పటి కొసన ఏ వార్డు నంబరు చూసి మడతలక్క చెయ్యి ఆగుతుందో చూసి తెలుసుకుంది. అమ్మాయి పడుకున్న ఆస్పత్రి ఇది కాదు. అయినా దుప్పటి దుప్పటే.

మర్నాడు కుక్క సంగతి విని ఆమె ఒకటే అడిగింది.

"దానికి చెప్పి వస్తావా అక్కా?"

"కుక్కకి చెప్పడమేంటే?"

"చెప్పకుండా పోతే కుక్కేంటి, మొగుడైనా ఏడుస్తాడు." దుప్పటి విదిలించి, దగ్గరికి నడిచొచ్చి, "మా ఆయన ఏడవడనుకో. తలుపేసుకుని డాన్సు చేస్తాడు" అంది.

ఎప్పుడూ ఆ జోకులకి మూతి బిగించి నవ్వే మడతలక్క ఆ రోజు కొసలు అందుకోవడం మరిచిపోయింది. దుప్పటి నేల మీద పడింది. మళ్లీ ఉతుక్కి వేయాల్సొచ్చింది.

మన ఇళ్లల్లో గడప దాటేవాళ్లు వెళ్తున్నానని అనరు. చిన్నప్పుడు ఆ మాట నోరు జారితే తల్లి మూతి మీద ఒకటి వేసేది. వెళ్లొస్తానని అనాలి. వెళ్లడంలోనే రావడాన్ని కూడా కలిపి కుట్టేస్తారు, విడిపోకుండా. అమ్మాయి ఆ మాటని గుండీకి కూడా చెప్పేది, ఆఫీసులో పెద్ద అధికారి దగ్గర సెలవు తీసుకున్నట్టు, రెండు చేతులూ కట్టుకుని. "గుండీగారూ, వెళ్లొస్తానండీ." చివరి అండీని సాగదీసి, పైకెత్తి, వదిలేది. ఆ మాట చెవిన పడేదాకా అది తలుపు వదిలేది కాదు. పడగానే వెనక్కి తిరిగి, టకటకా వెళ్లి మంచం కింద దూరేది. మళ్లీ సాయంత్రం ఆరుంపావుకి, అమ్మాయి వచ్చే వేళకి, ఎవరూ పిలవకుండా లేచేది. రోజూ చూసిన తంతే కాబట్టి దాన్నొక సంగతిగా ఎవరూ అనుకోలేదు.

అమ్మాయిని ఆస్పత్రికి తీసుకెళ్లిన రోజు ఆ మాట ఎవరూ చెప్పలేదు. పిల్ల నడవలేకపోయింది. కుర్చీలో కూర్చోబెట్టి ఇటు తండ్రి, అటు ఆటో అతను మోశారు. గుండీ కాళ్లకి అడ్డం పడుతోందని బాత్రూంలో పెట్టి గడియ వేశారు. తలుపు దాటుతుంటే అమ్మాయి తల తిప్పి, పెదాలు కదిపింది. ఏమందో వినబడలేదు. బాత్రూంలో కుక్క అరుపు అంతలా ఉంది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ గడప దగ్గర ఆ మాట అనలేదు. ఆయన సంచీ తీసుకుని వెళ్లిపోయేవాడు. ఈవిడ చెప్పులు చేత్తో పట్టుకునేది.

షెడ్డులో దుప్పటి జారిపడిన మర్నాడు ఆవిడ బిస్కెట్టు విసరలేదు. చెప్పులు వేసుకుని, సంచీ తగిలించుకుని, గుండీ ఎదురుగా నిలబడింది. "వెళ్లొస్తా" అంది. అది తోక ఊపి అక్కడే నిలబడింది. ఇంకోసారి అంది. చెవి కదిలింది గానీ కాళ్లు కదల్లేదు. ఏం కావాలో ఆవిడకి తెలుసు. అది నోట్లోంచి రావడమే కష్టం. గోడకేసి తిరిగింది. చేతులు కట్టుకుంది.

"గుండీగారూ, వెళ్లొస్తానండీ."

ఆ అండీ అచ్చం ఆ పిల్లదే. ఎక్కడ దాగుందో గొంతులో, అలాగే వచ్చింది. వెనక గోళ్ల చప్పుడు. తిరిగి చూస్తే తలుపు దగ్గర లేదు. మంచం కింద దుప్పటి దులిపినంత చప్పుడుతో ఒక నిట్టూర్పు. ఆవిడ షెడ్డుకి పావుగంట ఆలస్యంగా చేరింది. దారిలో ఎక్కడ ఆగిందో అడిగితే చెప్పలేకపోయింది.

సాయంత్రం నర్సమ్మగారు గేటు దగ్గర ఉంది. పగలంతా చప్పుడే లేదనీ, ఏమన్నా అయిందేమోనని పైకొచ్చి తలుపుకి చెవి పెట్టాననీ, లోపల గురక వినబడిందనీ చెప్పింది. "ఏం మందేశావో గానీ, బాగా పనిచేసింది" అంది. మడతలక్క నవ్వినట్టు మొహం పెట్టి మెట్లెక్కింది.

అయిదున్నరకి తాళం తీస్తే గుండీ వచ్చింది, తోక ఊపింది, మళ్లీ మంచం కిందికి పోయింది. ఇంకా వేళ కాలేదన్నట్టు. ఆరింటికి మొగుడు వచ్చాడు. టీ పెట్టి ఇచ్చింది. ఆయన గ్లాసు పట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. ఇంతలో గుండీ లేచొచ్చి, తలుపు ఎదురుగా కూర్చుని, రెండు చెవులూ నిక్కబెట్టింది.

"ఎవరో వస్తున్నట్టున్నారు, చూడు" అన్నాడు.

మెట్ల మీద ఎవరూ లేరు. ఆయన గోడగడియారం చూశాడు. ఆవిడా చూసింది. ఆరుంపావు. ఆ తర్వాత ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. గుండీ కాసేపు చెవులు అలాగే నిలబెట్టి ఉంచింది. మెల్లగా ఒక చెవి వాలింది. అప్పుడు మొదలుపెట్టింది, మెట్ల మీద కూర్చుని విన్నదే, సన్నగా, తెగకుండా. పగలు ఏడవాల్సిందంతా దాచుకుని, ఇద్దరూ ఇంట్లో ఉన్న వేళ చూసి ముందు పెట్టినట్టు. పది నిమిషాలు. ఆ తర్వాత లేచి నీళ్లు తాగింది.

రోజూ అంతే. పగలు గుట్టుచప్పుడు లేదు, సాయంత్రం ఆరుంపావుకి పది నిమిషాలు. నర్సమ్మగారికి ఆ వేళప్పుడు వీధి చప్పుళ్లలో అది వినబడేది కాదు. వినబడేది ఈ ఇద్దరికే. మధ్యలో ఒకరోజు మాట చెప్పకుండా వెళ్లి చూసింది ఆవిడ. ఆ సాయంత్రం నర్సమ్మగారు నెలాఖరు గుర్తు చేసింది.

అయిదో రోజో ఆరో రోజో మొగుడు టీ గ్లాసు కింద పెట్టి, దాన్ని ఏం చేశావని అడిగాడు. ఆవిడ చెప్పింది, మాట ఎలా అన్నదీ కూడా. ఆయన చాలాసేపు గోళ్ల కింద ఇరుక్కున్న జిగురు గిల్లుకుంటూ కూర్చున్నాడు.

"అబద్ధం చెప్పావన్నమాట దానికి."

"అబద్ధమేంటి? సాయంత్రానికి వస్తున్నాగా."

"నువ్వొస్తే అది లెక్కేసుకోవట్లేదుగా."

ఆ మాట సూదిలా దిగింది. ఆవిడ కూడా ఊరుకోలేదు. ఏడాదికి పైగా కడుపులో పెట్టుకున్నది బయటికి తీసింది. ఆ రోజు దాన్ని బాత్రూంలో పెట్టమన్నది మీరేనంది. గడియ వేసిన చెయ్యి నీదేనన్నాడు. పిల్ల ఏదో అనబోయిందంది. నేను కుర్చీ మోస్తున్నాను, వెనక నడిచింది నువ్వు, నీకు వినబడాల్సిందన్నాడు. గొంతులు పెద్దవి చేసుకోలేదు ఇద్దరూ. పక్కింటికి కూడా వినబడనంత నెమ్మదిగా ఒకరినొకరు కోసుకున్నారు. ఆ తర్వాత ఆయన వెళ్లి అక్కకి ఫోను చేశాడు.

ఆదివారం పెద్దాడపడుచు మూతబుట్ట పట్టుకుని వచ్చింది. వాళ్లది ఊరి చివర, పెరడు ఉంది, ఇంట్లో ఎప్పుడూ మనుషులుంటారు. గుండీ ఆ రోజంతా హాయిగా ఉంది. ఎవరూ పనిలోకి వెళ్లలేదు కాబట్టి ఎవరూ దానికి ఏ మాటా చెప్పలేదు. ఆరుంపావు వచ్చింది, వెళ్లింది. అది వంటింటి గుమ్మంలో వెల్లకిలా పడుకుని పొట్ట చూపిస్తోంది.

"ఇదా ఏడ్చేది? బంగారంలా ఉంది" అంది ఆడపడుచు.

"చూశావా, ఎంత ప్రశాంతంగా ఉందో" అన్నాడు మొగుడు. చాలా రోజుల తర్వాత ఆయన కాళ్లు చాపుకుని కూర్చున్నాడు.

మడతలక్క కూడా ఆ నిశ్శబ్దం విన్నది. ఆరుంపావు దాటింది. అమ్మాయి రాని సాయంత్రం అది, అయినా ఇల్లు ఎంచక్కా ఉంది. అక్కాతమ్ముళ్లు ఎవరి మోకాళ్ల నొప్పుల గురించో మాట్లాడుకుంటున్నారు. ఎవరూ తలుపు కేసి చూడలేదు. చూసింది ఆవిడొక్కతే.

ఆడపడుచు బుట్ట మూత తీసి గుండీని పిలిచింది. మడతలక్క వెళ్లి బుట్టకీ కుక్కకీ మధ్య నిలబడింది.

"వదినా, అది ఎక్కడికీ రాదు."

"అదేంటి అమ్మాయ్, వాడు ఫోను చేస్తేనే కదా వచ్చాను. మనిషే పోయాక కుక్కని పట్టుకుని వేలాడితే ఎలాగ? వాడు సాయంత్రం ఇంటికొస్తే టీ చుక్క గొంతు దిగట్లేదంట."

పోయాక అన్న మాట గదిలో పడింది. ఎవరూ తీయలేదు.

"ఏడవనీ వదినా" అంది మడతలక్క. "ఈ ఇంట్లో ఒక్కరైనా పిల్ల కోసం ఏడవనీ."

ఆడపడుచు తమ్ముడి కేసి చూసింది. ఆయన కాళ్లు దగ్గరికి తీసుకున్నాడు, నేల చూశాడు. ఆడపడుచు ఖాళీ బుట్ట మూత వేసుకుని, మీ కర్మ అని గొణుక్కుంటూ మెట్లు దిగింది.

మర్నాటి నుంచి ఆయన టీ తాగడం మానేశాడు. ఆరింటికి వచ్చి, చొక్కా మార్చి, ఆరూ పది అయ్యేసరికి మళ్లీ చెప్పుల్లో కాళ్లు పెట్టేవాడు. ఎక్కడికో ఆవిడ అడగలేదు. తిరిగొచ్చేసరికి అన్నీ సర్దుకుని ఉండేవి. కుక్క నీళ్లు తాగేసి ఉండేది, ఈవిడ కూరగాయలు తరుగుతూ ఉండేది. ఇద్దరూ ఏమీ జరగనట్టే భోజనానికి కూర్చునేవారు.

అలా వారం గడిచి మళ్లీ ఆదివారం వచ్చింది. పొద్దున్నే ఆయన ముందుగదిలో పేపరు చదువుకుంటున్నాడు. మడతలక్క పనిబట్టలు కట్టుకుని, సంచీ భుజానికి తగిలించుకుని వచ్చింది.

"ఇవాళ ఆదివారం. డ్యూటీ ఉందా?" అన్నాడు.

లేదంది. గుండీ ఎదురుగా నిలబడింది. ఈసారి గోడకేసి తిరగలేదు. చేతులు కట్టుకుని, మొగుడు అక్కడే ఉండగా, ఆ పిల్ల గొంతుతో ఆ మాట అంది. గుండీ వెనక్కి తిరిగి మంచం కిందికి వెళ్లింది. పేపరు వెనక మనిషి కదల్లేదు.

ఆవిడ మూసిన షాపుల ముందు నుంచి వీధి చివరిదాకా నడిచి, కాసేపు బస్సుల కోసం నిలబడేవాళ్లతో నిలబడి, ఏ బస్సూ ఎక్కకుండా తిరిగొచ్చింది. ఆయన పేపరు అదే పేజీ దగ్గర ఉంది.

"కావాలనే చేస్తున్నావు కదూ" అన్నాడు.

"అవును."

సాయంత్రం ఆరూ పదికి ఆయన లేచాడు. చొక్కా వేసుకుని, తలుపు దగ్గర ఒక చెప్పు వేసుకున్నాడు. రెండోది కుర్చీ కింద ఉంది, కాలితో వెతికాడు. ఆలోపే గుండీ వచ్చి ఆయన కాళ్ల పక్కనే కూర్చుని చెవులు నిక్కబెట్టింది. దాన్ని తొక్కకుండా వెళ్లాలంటే తలుపు అటూ ఇటూ చోటు లేదు. ఒంటి చెప్పుతో అలాగే నిలబడ్డాడు. చెవి వాలేదాకా నిలబడ్డాడు. ఏడుపు మొదలైంది. ఆయన పెళ్లాం మొహంలోకి చూశాడు, ఏడాదిన్నర తర్వాత మొదటిసారి. ఆ చూపులో జాలి లేదు. నన్ను ఇక్కడ నిలబెట్టి నీకేం వచ్చిందన్న చూపు అది.

ఆవిడ కళ్లు దించలేదు.

ఆయన వంగి, రెండు చేతులతో కుక్కని ఎత్తి పక్కన పెట్టాడు. రెండో చెప్పు వేసుకోకుండానే, చేత్తో పట్టుకుని, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి లాగి వెళ్లిపోయాడు. మెట్ల మీద ఒక కాలు చప్పుడే వినబడింది. గుండీ మళ్లీ తన చోటికొచ్చి, ఆపిన దగ్గర నుంచి అందుకుంది. మడతలక్క దాని పక్కన నేల మీద కూలబడింది. దాన్ని నిమరలేదు, ఊరుకోమని అనలేదు. ఆవిడకి మాత్రం ఆ రోజు కూడా కన్నీళ్లు రాలేదు.